పురుగు నడిచిన దారి

మా ఇంట్లో గోడలకి వేలాడే బొమ్మలన్నీ ఏదో ఒక దెబ్బ తిన్నవే. ఒకదానికి మూల లేదు. ఒకదానిలో ఏనుగు సగమే ఉంది, మిగతా సగం ఎప్పుడో ఎవరింట్లోనో నీళ్లు కారి కరిగిపోయింది. ఇంకోదాంట్లో రాజుగారి ముఖం మీద ఎవరో పెన్సిలుతో మీసం దిద్దారు, ఆయనకి అప్పటికే మీసం ఉన్నా. భారతీయ సూక్ష్మచిత్రాలు సేకరించేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, చెడిపోయినవాటినే ఏరి తెచ్చుకునేవాళ్లు మా ఊరి మొత్తానికి మేమిద్దరమే. నేను సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా ఆవిడ బడిలో డ్రాయింగ్ టీచరు. మంచివి కొనే స్తోమత లేక అలా మొదలుపెట్టాం. తరవాత చేయి కాస్త ఆడినా అలవాటు మారలేదు.

"బాగున్నవాటిని చూసుకోవడానికి బోలెడుమంది ఉన్నారు లెండి," అనేది ఆవిడ.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని గోడల వెంట ఒక చుట్టు తిరగడం మా ఇద్దరి అలవాటు. ఇప్పుడు ఒక్కణ్ణే తిరుగుతున్నాను. తూర్పు కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చినా సరిగ్గా బొమ్మలకి జానెడు ముందు ఆగిపోతుంది. ఆవిడ ఏ మేకు ఎక్కడ కొట్టాలో ఏడాది పొడుగునా ఎండని గమనించి మరీ చెప్పింది. ఆ సంగతి నాకు ఆవిడ పోయాకే తెలిసింది, ఒక నెలంతా ఆ ఎండనే చూస్తూ కూర్చున్నప్పుడు.

ఆ వరసలో చివరిది మేము మొట్టమొదట కొన్నది. 'మేడమీదావిడ' అని దాని ముద్దుపేరు. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంత ఉంటుందో అంతే. సాయంకాలపు ఆకాశం, బూడిదా నీలమూ కాని రంగు. తెల్లటి మేడ. పిట్టగోడకి ఆనుకుని ఒక స్త్రీ చెయ్యెత్తి ఆకాశంలోకి ఏదో చూపిస్తూ ఉంటుంది. వెనక నిలబడ్డ చెలికత్తె మాత్రం ఆకాశాన్ని చూడకుండా ఆవిడ ముఖాన్నే చూస్తూ ఉంటుంది. పిట్టగోడ మీద ఒక పావురం. ఒకప్పుడు ఏదో పుస్తకంలో కాగితం అది. అమ్మినవాడెవడో చట్రంలో పట్టడానికి చుట్టూ ఉన్న అంచంతా కత్తిరించేసి మందపాటి అట్టకి అంటించాడు.

కొన్ననాడు దానికి మూడు కన్నాలుండేవి. పుస్తకంలో ఉన్న కాలంలో పురుగు తొలిచినవి. ఒకటి ఆకాశంలో, సరిగ్గా ఆ స్త్రీ చూపుడు వేలి చివర. ఒకటి తెల్లటి గోడలో. ఒకటి పావురం కాళ్ల కింద. మా ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈవిడ చూపిస్తున్నది ఆ చిల్లునేనండీ. 'చూడవే, మనింటి పైకప్పు ఎలా ఉందో, ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి చెవికెక్కదు' అంటోంది," అంది. మా వంటింటి పైకప్పు అప్పట్లో కారుతూ ఉండేది.

పైకప్పు నేను బాగు చేయించాను. బొమ్మ ఆవిడ బాగు చేసింది.

ఏదైనా ముట్టుకునే ముందు దాని నకలు తీసి పెట్టుకోవాలన్నది మా ఆఫీసు పద్ధతి. ఎక్కడి గట్టు అక్కడ, ఎక్కడి రాయి అక్కడ. అందుకని ఆవిడ బ్రష్షు పట్టకముందే నేను బొమ్మ మీద ట్రేసింగ్ కాగితం పరిచి బొమ్మ నాలుగు మూలలూ, మూడు కన్నాల హద్దులూ సన్నటి పెన్సిలుతో గీశాను. కింద తేదీ, కొలతలు వేశాను. ఆవిడ నా భుజం మీంచి తొంగిచూసి, "ఉత్తరం గుర్తు మరిచిపోయారు సర్వేయరు గారూ, కోర్టులో చెల్లదు," అని నా చేతిలోంచి పెన్సిలు లాక్కుని మూలన ఒక బాణం గీసింది. ఆ బాణానికి పావురం తోక కూడా పెట్టింది.

మూడు ఆదివారాలు పట్టింది ఆవిడకి. పాత పుస్తకాల చివర ఉండే ఖాళీ కాగితం ఒకటి సంపాదించి, పిండి జిగురు నీళ్లలా పలచగా కాచి, ఒక్కో కన్నానికి సరిపోయే ముక్కని బ్లేడుతో కోసింది. సరిపోకపోతే పారేసి మళ్లీ కోసింది. పూడ్చాక రెండే రెండు వెంట్రుకలున్న బ్రష్షుతో రంగు వేసింది. అంతసేపూ ఆవిడ పెట్టుకున్న నియమం ఒక్కటే: పాత రంగు మీద తన రంగు వెంట్రుకవాసి కూడా పడకూడదు. కాస్త పైకి పూసేస్తే అంచులు కలిసిపోయి పని సులువవుతుంది కదా, ఎవరు చూడొచ్చారని నేనంటే ఒప్పుకోలేదు.

"పాతాయన వేసిన చోట నేను వెయ్యకూడదండీ. ఖాళీ వరకే నాది."

"ఎవరికి తెలుస్తుందే?"

"ఆయనకి తెలుస్తుంది."

పోయి రెండు మూడు వందల ఏళ్లయిన మనిషికి అంత భయపడేది, నాకు ఒక్కరోజూ భయపడలేదు.

అయిపోయిన వారానికే పళ్ల డాక్టరు మా ఇంటికి వచ్చారు. ఆయన గురించి చెప్పాలి. మా ఊళ్లో సూక్ష్మచిత్రాలు సేకరించే రెండో ఇల్లు ఆయనది. ఆయనవన్నీ నిగనిగలాడేవి, అంచులు చెదరనివి. మా ఆవిడకి జ్ఞానదంతం పీకినప్పుడు మొదలైన పరిచయం. నోట్లో దూది ఉండగానే ఆవిడ ఆయన గోడ మీది బొమ్మలో ఏదో తప్పు చెప్పిందట. అప్పటినుంచి ఆవిడ ఆయనకి చెల్లెమ్మ, ఆయన ఆవిడకి అన్నయ్య. దాంతో నేనూ ఆయన్ని బావగారూ అనక తప్పలేదు.

ఆ రోజు బావగారు తన భూతద్దం కంటికి బిగించి మేడమీదావిడని పది నిమిషాలు చూశారు. పైనుంచి కిందికి, పక్కనుంచి పక్కకి, నోట్లో పళ్లన్నీ వరసగా చూసినట్టు. తరవాత తలెత్తి, "అంచు పోయిందిగానీ లోపల ఒక్క మచ్చ లేదు. బంగారంలా ఉంది. నా మాట నమ్ము బావా, ఇన్నేళ్లుగా నోళ్లలోకి చూస్తున్నాను, పూడ్చినదన్నది నా కంటబడకుండా పోదు," అన్నారు.

మా ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల ఒక చెంచా కింద పడిన చప్పుడు, ఆ వెంటనే ఇంకో చెంచా. ఆయన వెళ్లాక కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "చెప్పకండేం. పాపం, చిన్నబుచ్చుకుంటారు," అంది. చెప్పనని మాటిచ్చాను. ఆ తరవాత ఏళ్ల తరబడి ఆయన తన కంటిచూపు గురించి గొప్పలు మొదలెట్టినప్పుడల్లా, "అన్నయ్యా, ఇంకాస్త టీ పొయ్యనా?" అనేది, నా వైపు చూడకుండా.

రెండేళ్ల కిందట ఒక ఉదయం బాత్రూంలో కాలు జారింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ తడి నేల మీద అలా కూర్చున్న రెండు నిమిషాల్లో నా తరవాత ఈ బొమ్మలేమవుతాయన్న ఆలోచన వచ్చింది. మా అమ్మాయి రెండు వీధుల అవతలే ఉంటుంది. మందుల షాపు నడుపుతుంది. ఇంట్లో రెండు పిల్లులు. సగం ఏనుగునీ, రెండు మీసాల రాజుగారినీ తీసుకుంటానంది. "మేడమీదావిడని మాత్రం నా నెత్తిన పెట్టకు నాన్నా. ఆ పిల్లులు గోకాయంటే నేను జన్మలో నిద్రపోలేను," అంది.

అందుకని దాన్ని మ్యూజియానికి పట్టుకెళ్లాను. అక్కడ పాత కాగితాలని బాగుచేసే గదిలో ఒకామె ఉంటుంది. కళ్లజోడు ఎప్పుడూ నెత్తి మీదే. ఆమె దాన్ని చూసి ఎంతో మర్యాదగా కాదంది.

"ఒంటరి కాగితం సార్. ఏ పుస్తకంలోదో చెప్పడానికి అంచు లేదు, అంకె లేదు. వెనకాల ఏమన్నా రాసుందో లేదో, అట్ట కింద ఉండిపోయింది. ఇలాంటిది పెట్టెలో పెడితే మళ్లీ ఎవరూ బయటికి తీయరు. మీ గోడ మీద ఉంటేనే దానికి మంచిది. రోజూ చూసేవాళ్లన్నా ఉంటారు."

నిజమే చెప్పింది. తిరిగి తెచ్చి అదే మేకుకి తగిలించాను.

ఈ ఏడాది బావగారు ఫోన్ చేశారు. "ఎనభై దాటాను. ఇక చూసింది చాలు. మొత్తం మ్యూజియానికి ఇచ్చేస్తున్నాను, వాళ్లు కొత్త గది కడుతున్నారు. ఇవ్వకముందు ఒకటి చూద్దువుగాని రా. ఆఖరిగా కొన్నది," అన్నారు.

ఆయన ఇంట్లో బొమ్మ చూడటమంటే మామూలు పని కాదు. ప్రాక్టీసు మానేశాక పళ్ల కుర్చీని ముందుగదిలో వేసుకున్నారు, పైన వంగే దీపంతో సహా. చూసేవాడు ఆ కుర్చీలో వెనక్కి వాలాలి. ఆయన బొమ్మని దీపం కింద పట్టుకుంటారు. నాకైతే ఎప్పుడూ నోరు తెరవాలనే అనిపిస్తుంది.

ఆ రోజు చూపించిన బొమ్మలో ఒక నది, ఒడ్డున గుర్రం. గుర్రం నీళ్లు తాగుతోంది. కళ్లెం పట్టుకున్న మనిషి తలెత్తి ఆకాశంలోకి చూస్తున్నాడు. చుట్టూ ఎర్రటి అంచు, లోపల పసుపు గీత. ఆకాశం రంగు చూడగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. అదే బూడిద, అదే నీలం.

ఆ తరవాత కన్నాలు కనబడ్డాయి. మూడు.

"అవి చూడకయ్యా, బొమ్మ చూడు," అన్నారు బావగారు విసుగ్గా. "నా సేకరణ మొత్తంలో పురుగు తిన్నది ఇదొక్కటే. మీ ఇంటి గాలి సోకింది నాకు."

నేను కన్నాలనే చూశాను. ముప్పై ఐదేళ్లు పొలాల మూలలు గీసినవాణ్ణి. మూడు చుక్కలు కనబడితే వాటి మధ్య త్రిభుజం నా ప్రమేయం లేకుండానే కంట్లో గీసుకుంటుంది. ఏదో పని ఉందని చెప్పి గొడుగు కూడా అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. అడుగు సొరుగులోంచి పావురం తోక బాణం ఉన్న ట్రేసింగ్ కాగితం తీశాను.

మర్నాడు గొడుగు నెపంతో మళ్లీ వెళ్లాను. బావగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే కాగితం మీది మూలల్ని పసుపు గీత మూలలకి ఆనించి ఆయన బొమ్మ మీద పరిచాను. మూడు కన్నాల మీదా మూడు గీతలూ వచ్చి కూర్చున్నాయి. కాకపోతే మూడూ కాస్త కుడికి, నూలుపోగంత. పురుగులు మూడూ నిటారుగా కాక ఒకే వైపు ఏటవాలుగా నడిచాయన్నమాట. ఒకే పుస్తకం. కొన్ని కాగితాల దూరం. మేడమీదావిడ చూపిస్తున్న ఆకాశాన్నే గుర్రం మనిషి ఏటి ఒడ్డున నిలబడి చూస్తున్నాడు.

కాగితాన్ని మడవకుండా చొక్కా లోపలికి దోపుకున్నాను.

బావగారి బొమ్మ కొత్త గదిలో గోడ మీదికి వెళ్తుందని ముందే ఖాయమైంది. దాని తోబుట్టువని తేలితే మేడమీదావిడ ఇక ఒంటరి కాగితం కాదు. పెట్టెలో కాకుండా ఆ గోడ మీదే, ఆ గుర్రం పక్కనే ఉంటుంది. కానీ తేలేదెలా? నా బొమ్మలో కన్నాలే లేవు. ఒకప్పుడు అవి ఉన్నచోట ఆకాశం ఉంది, గోడ ఉంది, పావురం పాదాలున్నాయి. ఇచ్చేవాడు తన చేత్తో గీసుకున్న నకలు చూపిస్తే ఎవరొప్పుకుంటారు? మా ఆఫీసులో నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆవిడ పూడ్చినవాటిని విప్పి చూపించాలి. ఆవిడ చేతిపని ఈ లోకంలో ఇంత చక్కగా మిగిలింది అదొక్కటే.

ఆదివారం మా అమ్మాయి వచ్చింది. మందుల చీటీలు చదివే కళ్లు, నా ముఖం చూడగానే పట్టేసింది. అంతా చెప్పాను.

"ముందు డాక్టరు మావయ్యకి చెప్పెయ్ నాన్నా."

"మీ అమ్మకి మాటిచ్చానే."

"నవ్వుకోడానికి కదా చెప్పొద్దంది. మీ ఇద్దరూ కావలసినంత నవ్వుకున్నారు. ఇప్పుడు ఆయన వంతు రానీ."

"మరి విప్పమంటే?"

అది లేచి వెళ్లి బొమ్మ ముందు నిలబడింది. "విప్పితే అమ్మ చేసిన పని పోతుంది. విప్పకపోతే అమ్మ అంత ఇష్టపడ్డ బొమ్మ నీ తరవాత ఎక్కడ తేలుతుందో తెలీదు. అమ్మయితే ఏమంటుంది నాన్నా?"

ఏమంటుందో నాకు తెలుసు. ఖాళీ వరకే నాది అంటుంది. తెలియడం వేరు, ఊరుకోగలగడం వేరు. ఆ వారమంతా కాఫీ చల్లారేదాకా ఆ బొమ్మ దగ్గరే నిలబడ్డాను. ఆ మూడు చోట్లూ ఎక్కడో తెలిసిన నాకే రెండోది సరిగ్గా ఆనేది కాదు.

చివరికి ఒక సాయంకాలం బొమ్మని గుడ్డలో చుట్టి బావగారింటికి పట్టుకెళ్లాను.

"ఇవాళ మీరు కూర్చోండి కుర్చీలో," అన్నాను.

"నాకేం పళ్లు నొప్పిగా లేవే."

"కూర్చోండి బావగారూ. చెబుతాను."

ఆయన వాలారు. దీపం నేను వేశాను. చెప్పాల్సింది ఎలా మొదలెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను గానీ, తీరా నోట్లోంచి వచ్చింది ఇది: "దీనికి మూడు కన్నాలుండేవి. మా ఆవిడ పూడ్చింది. మీరు భూతద్దం పెట్టి చూడటానికి వారం ముందు."

ఆయన కదల్లేదు. దీపం వెలుగులో ఆయన కనుబొమలు మాత్రం మెల్లగా పైకి వెళ్లాయి.

"ఎన్ని?"

"మూడు."

"మూడూ చూళ్లేదా నేను?"

"పది నిమిషాలు చూశారు."

"ముప్పై ఏళ్లు!" అని లేవబోయారు. ఆ కుర్చీలోంచి ఒక్క ఊపున లేవడం ఎవరి తరమూ కాదు, మళ్లీ వెనక్కి పడ్డారు. "ముప్పై ఏళ్లు నన్ను కూర్చోబెట్టి టీల మీద టీలు పోశారు ఇద్దరూ! పూడ్చినది నా కంటబడకుండా పోదని ఎన్నిసార్లు అన్నానయ్యా నేను?"

"లెక్కపెట్టలేదు. ఆవిడ పెట్టి ఉంటుంది."

ఆయన కోపంగా చూస్తూనే ఉన్నారు, ఆ చూపులోనే మూతి వంకర తిరిగింది. తరవాత కుర్చీ అంతా కదిలేటట్టు నవ్వారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "చెల్లెమ్మ నా క్లినిక్కులో చేరి ఉంటే ఊళ్లో సగం పళ్లు నిలబడేవి," అన్నారు. కాసేపటికి, "సరే. ముప్పై ఏళ్లు పోయాక ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అన్నారు.

ట్రేసింగ్ కాగితం తీసి, ఆయన చూస్తుండగా గుర్రం బొమ్మ మీద పరిచాను.

మ్యూజియానికి ఇద్దరం కలిసే వెళ్లాం, చెరో బొమ్మా ఒళ్లో పెట్టుకుని. కళ్లజోడు నెత్తి మీదామె మా కథంతా అడ్డు చెప్పకుండా వింది. ట్రేసింగ్ కాగితాన్ని చూసి పావురం తోక దగ్గర నవ్వింది. నేననుకున్నదే చెప్పింది: "ఇది సాక్ష్యంగా పనికిరాదు సార్. కన్నాలే చూడాలి. పూడ్చినదాని చుట్టూ కూడా రంగు పూసి ఉంటే తడి దూదితో తీసెయ్యాల్సి రావచ్చు. తీస్తే మళ్లీ అలాగే పెట్టడం కుదరదు. మీకు సమ్మతమేనా?"

బావగారు నా వైపు చూశారు. గదిలో ఏదో యంత్రం సన్నగా గుర్రుమంటోంది. బల్ల మీద దూది చుట్టిన పుల్లలు గాజు కప్పులో నిలబెట్టి ఉన్నాయి, మా ఆవిడ బ్రష్షులు నిలబెట్టుకున్నట్టే. ఆ పోలిక చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"సమ్మతమే. తియ్యండి," అన్నాను.

"ముందు దీపం కింద చూస్తాను," అని ఆమె కిటికీ తెరలు లాగేసి, చేతిలో పట్టుకునే ఊదారంగు దీపం ఒకటి వెలిగించింది. చీకట్లో బొమ్మంతా బావి నీళ్లలా నల్లబడింది. మేడ లేదు, స్త్రీ లేదు.

మూడు చుక్కలు మాత్రం వెలిగాయి.

పసుపు కలిసిన తెల్లటి వెలుగు. ఒకటి పైన, రెండు కింద.

"ఇప్పటి తెలుపు," అంది ఆమె మెల్లగా. "సీసాల్లో అమ్మేది. ఈ దీపం కింద మెరుస్తుంది. పాతవాళ్లు వాడినది వేరు, అది ఇలా మెరవదు." వంగి, కళ్లజోడు నెత్తి మీంచి దించి ఇంకా దగ్గరగా చూసింది. ఒక్కో చుక్క దగ్గరా చాలాసేపు ఆగింది. "ఎవరు చేశారన్నారు?"

"మా ఆవిడ."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడా లేదు. బళ్లో పిల్లల డ్రాయింగులు దిద్దేది."

"సాధారణంగా ఇంట్లో పూడ్చినవాళ్లు చుట్టుపక్కలకి పూసేస్తారు సార్, అతుకు కనబడకుండా. అలా పూస్తే ఈ వెలుగు చెదిరిపోయి ఉండేది, కింద కన్నం ఆకారం తెలిసేది కాదు. విప్పక తప్పేది కాదు. ఈవిడ రంగు ఒక్క వెంట్రుక కూడా బయటికి రాలేదు. కన్నం ఎంతో పూడ్చింది అంతే. కన్నాన్ని చూస్తున్నట్టే ఉంది."

ఖాళీ వరకే నాది. నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

ఆమె ఆ వెలుగులోనే ఫోటో తీసి, గుర్రం బొమ్మని కూడా తీసి, రెండూ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పెట్టింది. అదే నూలుపోగు తేడా, ముందు చూసినట్టే కుడివైపుకి. మధ్యలో నాలుగైదు కాగితాలుండి ఉంటాయంది. అవి ఎక్కడున్నాయో, ఎవరి గోడ మీదో, అసలున్నాయో లేదో.

"విప్పనక్కర్లేదు," అంది తెరలు తీస్తూ. "విప్పమన్నా నేను విప్పను. మళ్లీ ఇంత బాగా నాకు చేతకాదు."

తరవాత రిజిస్టరు తీసింది. బొమ్మ వివరాలన్నీ రాసుకుని, 'పూడ్చినవారు' అన్న చోట కలం ఆపి, పేరు చెప్పమంది. పెళ్లయ్యాక మా ఆవిడ పేరు నేను పైకి అన్నది వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇదిగో, ఏమోయ్, అంతే. పోయాక కాగితాల మీద సంతకాలు పెట్టానుగానీ నోటితో అనలేదు. ఇప్పుడు అన్నాను, ఇంటిపేరుతో సహా. ఆమె రాసి, సరిగ్గా ఉందో లేదో చూడమని రిజిస్టరు నా వైపు తిప్పింది. నీలం సిరా ఇంకా తడిగా ఉంది.

ఇంట్లో ఆ మేకు ఖాళీ అయింది. రెండు రోజులు చూసి, ట్రేసింగ్ కాగితాన్ని చట్రంలో పెట్టి దానికి తగిలించాను. మా అమ్మాయి వచ్చి, "బొమ్మ పోయి మ్యాపు వచ్చిందే!" అంది. అని, మూలనున్న బాణాన్ని చూసి దగ్గరికి వెళ్లింది. చాలాసేపు అక్కడే ఉంది.

కొత్త గది తెరిచిన మొదటి శనివారం బావగారూ నేనూ వెళ్లాం. గోడకి ఒకే ఎత్తున రెండూ పక్కపక్కన ఉన్నాయి. మధ్యలో ఒక చేతి వెడల్పు ఖాళీ వదిలారు. చెలికత్తె ఎప్పట్లాగే ఆవిడ ముఖాన్నే చూస్తోంది. గుర్రం నీళ్లు తాగుతోంది.

బావగారు జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించారు. కాపలా మనిషి ఒక అడుగు ముందుకి వేశాడు. ఆయన ముసలితనం చూసి ఆగాడు.

"ఆకాశంలోది వేలి చివర కదూ?" అన్నారు బావగారు.

"అవును."

"ఏదీ? ఇక్కడేం లేదే." ఇంకాస్త వంగారు. "గోడలోది?"

"కొంచెం ఎడమకి..."

"చెప్పకు! నేనే పట్టుకుంటాను."

గది మధ్యలో ఒక బెంచీ వేసి ఉంది, ఎవరు ఆలోచించి వేశారో. వెళ్లి దాని మీద కూర్చున్నాను. మ్యూజియం మూసేదాకా ఇంకా రెండు గంటల టైముంది.